డెబ్బదియైదు అడుగుల ఎడము: ఒక వాయుమార్గ పటముపై విమర్శ

2025 మార్చి 28వ తేదీ మధ్యాహ్నము అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని రీగన్ జాతీయ విమానాశ్రయమునుండి డెల్టా కంపెనీవారి ఎయిర్‌బస్ విమానమొకటి మినియాపొలిస్ నగరమునకు బయలుదేరినది. అందు 131 మంది ప్రయాణికులు, ఐదుగురు సిబ్బంది ఉండిరి. నేల విడిచిన కొలది సేపటికే, సమీపమున మరొక విమానమున్నదని పైలట్ల యెదుటనున్న యంత్రము హెచ్చరించినది. అదే సమయమున ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికపై గౌరవసూచకముగా ఎగురుటకు వైమానికదళమువారి టి-38 జెట్లు నాలుగు ఆ దిక్కునకు వచ్చుచుండెను. తమకు దాదాపు 500 అడుగుల దిగువన నిజముగా విమానమున్నదా యని పైలటు రేడియోలో కంట్రోలరును ప్రశ్నింపగా, ఉన్నదని సమాధానము వచ్చినది. ఎవరికిని హాని కలుగలేదు. విమానము తన దారిని తాను పోయినది.

ఇట్టి ఘటనలను వెంట్రుకవాసిలో తప్పిన గండములుగా వర్ణించుట పత్రికలకు పరిపాటి. అమెరికా విమానయాన శాఖవారి నిర్వచనము ఇంకను పొడిగా ఉండును. ఎగురుచున్న రెండు విమానములు 500 అడుగులకంటె తక్కువ దూరమునకు వచ్చినను, లేదా ఢీకొను ప్రమాదమేర్పడినదని పైలటు నివేదించినను, దానిని 'ఆకాశమున ఢీ తృటిలో తప్పుట'గా వారు పరిగణింతురు. నిర్వచనము మంచిదే. కాని గండము తప్పినదని చెప్పుటతోనే కథ ముగిసినట్లు భావించుట శాస్త్రదృష్టికి సమ్మతము కాదు. ఏది తప్పించినది? యంత్రమా, నియమమా, కేవలము యాదృచ్ఛికమా? ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్నచో, అదే విమానాశ్రయమునొద్ద అంతకు రెండు నెలల క్రిందట తప్పకపోయిన గండమును పరిశీలింపవలెను.

2025 జనవరి 29వ తేదీ రాత్రి 8 గంటల 48 నిమిషముల ప్రాంతమున విచిటా నగరమునుండి వచ్చి రీగన్ విమానాశ్రయమున దిగబోవుచున్న సి.ఆర్.జె.-700 విమానమును సైన్యమువారి బ్లాక్ హాక్ హెలికాప్టరు పొటోమాక్ నదిపై ఢీకొన్నది. విమానములోని 64 మందియు, హెలికాప్టరులోని ముగ్గురును మరణించిరి. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలివారు మార్చి 11వ తేదీన ప్రాథమిక నివేదికను, దానితోబాటు అత్యవసర సిఫారసులను వెలువరించిరి. ఆ పత్రములలో తప్పు మనుష్యులపై మోపుటకు తొందరపాటు కానరాదు. వారు ముందుగా వేలు చూపినది ఒక పటమును. విమర్శింపదగినది కూడ ఆ పటమే.

విమానాశ్రయము నదికి పడమటి గట్టున ఉన్నది. తూర్పు గట్టు వెంబడి హెలికాప్టర్లు పోవుటకు '4వ మార్గము' అను దారి పటముపై గీయబడి యుండెను. విమానాశ్రయమునకు ఎదురుగా ఉన్న భాగమున హెలికాప్టరు సముద్రమట్టమునకు 200 అడుగులకు మించి ఎగురరాదు. ఇంతవరకు నియమము స్పష్టమే. అయితే '33వ నంబరు' రన్‌వేపై దిగు విమానములు తూర్పు గట్టును, నదిని దాటియే రావలెను. అనగా ఒక దారి మరియొక దారిని అడ్డముగా ఖండించుచున్నది. హెలికాప్టరు క్రింద, విమానము పైన పోవలెనని పటకర్తల ఉద్దేశము కాబోలు. కూడలిలో ఒక బండి వంతెన మీద, రెండవది వంతెన క్రింద పోవునట్లు. వంతెన మాత్రము లేదు. దానికి బదులుగా 200 అను అంకె ఉన్నది.

ఆ అంకె ఎంతటి ఎడము ఇచ్చినదో మండలివారు లెక్క కట్టిరి. హెలికాప్టరు తూర్పు గట్టు మీదుగా సరిగా 200 అడుగుల ఎత్తున పోవుచు, విమానము రన్‌వే దీపములు చూపు ఏటవాలు దారిన సరిగా దిగుచున్నచో, వాని మధ్య నిలువుగా ఉండునది సుమారు 75 అడుగులు. మన లెక్కలో 23 మీటర్లు. సి.ఆర్.జె.-700 విమానపు రెక్కల కొననుండి కొనకు ఉన్న వెడల్పు 76 అడుగులు. ప్రయాణికుల విమానమునకును, దాని క్రింద చీకటిలో పోవు హెలికాప్టరునకును మధ్య ఒక విమానపు వెడల్పైన లేకుండుట నియమోల్లంఘనము వలన ఏర్పడిన స్థితి కాదు. నియమమును అక్షరాల పాటించిననాడు ఏర్పడు స్థితి.

హైస్కూలు విద్యార్థి దీనిని ఇంకొక అడుగు ముందుకు తీసికొనిపోగలడు. దిగు విమానము భూమితో సాధారణముగా 3 డిగ్రీల కోణము చేయుచు వచ్చును. 3 డిగ్రీల టాంజెంటు 0.0524. అందువలన రన్‌వే వైపునకు 1000 అడుగులు జరిగినచో విమానపుటెత్తు 52 అడుగులు తగ్గును. 75ను 0.0524తో భాగించినచో 1430 వచ్చును. కాగా హెలికాప్టరు తన ఎత్తును ఒక అంగుళమైన మార్చక, గట్టునుండి నదివైపునకు 1430 అడుగులు, అనగా పావు మైలుకు కొంచెము పైగా, ఒరిగినచో ఆ ఎడము సున్న యగును. అట్లు ఒరుగరాదని పటమున ఎక్కడ ఉన్నది? ఎక్కడను లేదు. ఆ మార్గమునకు పైహద్దు వ్రాసిరి గాని ప్రక్కహద్దులు వ్రాయలేదు. గట్టు వెంబడి గీచిన ఒక గీతయే దారి. పొలమునకు ఒక్క గట్టు వేసి మూడు వైపులు వదలివేసిన రైతును ఎవరును మెచ్చుకొనరు.

ఇది లోపములలో మొదటిది మాత్రమే. దీనికన్న మౌలికమైనది కొలతకు సంబంధించినది. 200 అడుగులని పటము చెప్పును. తాను 200 అడుగుల ఎత్తున ఉన్నట్లు పైలటునకు తెలియుట ఎట్లు? అతడు చూచు ఆల్టీమీటరు నిజమునకు దూరమును కొలచు సాధనము కాదు. అది గాలి పీడనమును కొలచు అనిరాయిడ్ భారమితి. దాని ముఖముపై పీడనమునకు బదులు అడుగులు వ్రాయబడి యుండును. సముద్రమట్టమునొద్ద 75 అడుగులు పైకి పోయినచో భారమితిలోని పాదరసము సుమారు 2 మిల్లీమీటర్లు మాత్రమే తగ్గును. ఉపాధ్యాయుడు ప్రయోగశాలలోని ఫార్టిన్ భారమితి యొద్దకు పిల్లలను తీసికొనిపోయి ఆ రెండు మిల్లీమీటర్లను వేలితో చూపవచ్చును. 67 మంది ప్రాణములు ఆనుకొని యుండిన ఎడము అంతే.

సాధనమన్న తరువాత దోషముండును. దోషము లేని కొలత లేదు. దోషమెంతయో తెలియని కొలత మాత్రము కొలత కాదు. అమెరికాలో పైలట్లకు ఒక సలహా కలదు. విమానము నేలపై నిలిచియున్నపుడు, స్థానిక పీడనమునకు సరిచేసిన ఆల్టీమీటరు చూపు ఎత్తును విమానాశ్రయపు అసలు ఎత్తుతో పోల్చి చూడవలెను. భేదము 75 అడుగులకు మించినచో ఆ సాధనమును శంకింపవలెను. 75కు లోబడినచో ఎగురవచ్చును. పాఠకులు ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచెదరు గాక. సాధనమున సహింపదగిన దోషము 75 అడుగులు. పటము ప్రసాదించిన ఎడము 75 అడుగులు. రెండును ఒక్కటే యైనప్పుడు ఆ ఎడము కాగితముపై ఉన్నదే గాని ఆకాశమున ఉన్నదని చెప్పుటకు వీలులేదు.

ఆనాడు హెలికాప్టరులో ఏమి జరిగినదో చూచినచో ఇది ఊహామాత్రము కాదని తెలియును. నది వెంబడి వచ్చునపుడు ఒక చోట హెలికాప్టరు నడుపుచున్న పైలటు తాము 300 అడుగుల ఎత్తున ఉన్నట్లు చెప్పగా, శిక్షకుడు 400 అడుగులని చెప్పినట్లు ధ్వనిముద్రణ యంత్రమున నమోదైనది. ఒకే వాహనము, ఒకే క్షణము, నూరడుగుల భేదము. ఢీకొన్న సమయమున, నేలకు రేడియో తరంగములను పంపి ఎత్తును తెలిసికొను సాధనము ప్రకారము హెలికాప్టరు 278 అడుగుల ఎత్తున ఉండెను. తరువాత అదే బెటాలియనుకు చెందిన మూడు హెలికాప్టర్లను పరీక్షింపగా, ఎగురునపుడు వాని పీడన ఆల్టీమీటర్లు అసలు ఎత్తుకంటె 80 నుండి 130 అడుగులు తక్కువ చూపినట్లు 2025 జూలై చివర జరిగిన బహిరంగ విచారణలో వెల్లడియైనది. తలపై పెద్దరెక్కలు తిరుగుచు చుట్టునున్న గాలిని కలచివేయు వాహనమున నిశ్చలమైన గాలి పీడనమును కొలచుట తేలిక కాదు. పైలటు 200 చూచుచు 300 ఎత్తున ఉండుట ఇట్లు సాధ్యమగును. అట్టివానిని హద్దు మీరినవాడని నిందించుట సులభము. హద్దును చూపవలసిన కన్నునే ముందుగా పరీక్షింపవలెను.

కంట్రోలరు సంగతి మాత్రము మెరుగు కాదు. అతని రాడారు తెరపై ఎత్తు నూరేసి అడుగుల లెక్కన కనబడును. తెరపై 200 అని ఉన్నచో అసలు విలువ 150కి, 250కి మధ్య ఎక్కడనైన ఉండవచ్చును. కుండలతో కొలచువాడు గరిటెడు తేడా కనిపెట్టలేడు కదా.

ఇక మిగిలినది మానవుని కన్ను. ఆ రాత్రి హెలికాప్టరువారు ఎదురు విమానము తమకు కనబడుచున్నదని, కంటితో చూచుకొనుచు తప్పుకొందుమని కోరి అనుమతి పొందిరి. ఇది పగటివేళ ఎల్లరును వాడు పద్ధతియే. కాని ఇందొక భౌతికశాస్త్ర రహస్యము దాగియున్నది. బడి మైదానమున దానిని పరీక్షించి చూడవచ్చును. ఇద్దరు బాలురను ఒకదానినొకటి ఖండించు రెండు తిన్నని గీతల వెంబడి సమవేగముతో నడువనిండు. ఒకరు కూడలిని ముందుగా దాటునట్లయినచో, రెండవవాని కంటికి అతడు ప్రక్కకు జరుగుచున్నట్లు కనబడును. ఇద్దరును ఒకేసారి కూడలిని చేరునట్లయినచో ఒకరికొకరు ఒకే దిక్కున కదలక నిలిచినట్లు కనబడుదురు. ఆకారము మాత్రము పెరుగుచుండును. నావికులకు ఇది పాత సూత్రము: దిక్కు మారక దగ్గరకు వచ్చు ఓడయే ఢీకొను ఓడ. కదలుదానిని ఇట్టే పట్టుకొను మన కన్ను కదలనిదానిని ఉపేక్షించును. రాత్రివేళ నగరదీపముల నడుమ ఆ విమానదీపము కదలని మరొక దీపమైపోవును. అనగా కన్ను అందరికంటె ముందుగా చూడవలసిన విమానమునే అందరికంటె కష్టముగా చూచును. అట్టి కంటిని రాత్రి సమయమున కట్టకడపటి రక్షణగా పెట్టుకొన్న పద్ధతి పటముకంటె గొప్పది కాదు.

'టీకాస్' అను హెచ్చరిక యంత్రమున్నది కదా యని అడుగవచ్చును. అది 1030 మెగాహెర్ట్‌జ్ తరంగముపై చుట్టునున్న వాహనములను ప్రశ్నించును. అవి 1090 మెగాహెర్ట్‌జ్‌పై తమ ఎత్తును తెలుపుచు బదులిచ్చును. బదులు వచ్చుటకు పట్టిన కాలమునుబట్టి దూరము తెలియును. ఆ దూరమును దగ్గరగు వేగముతో భాగించి, ఎన్ని సెకనులలో కలిసికొందురో యంత్రము లెక్కించును. ఒక నాటికల్ మైలు దూరమున, గంటకు 200 నాటికల్ మైళ్ల వేగముతో దగ్గరగుచున్నచో మిగిలినది 18 సెకనులు. గడువు తగ్గినపుడు ముందు 'విమానమున్నది, చూడుడు' అని హెచ్చరించును. పిమ్మట 'ఎక్కుడు' అనియో, 'దిగుడు' అనియో ఆజ్ఞాపించును. మార్చి 28న డెల్టా విమానమున మ్రోగినది ఈ యంత్రమే. కాని నేలకు సుమారు 1000 అడుగుల లోపల అది ఆజ్ఞలను ఇయ్యదు. దిగుమని చెప్పి నేలకు కొట్టించునన్న భయమున నిర్మాతలే దాని నోరు కట్టిరి. ఇది సమంజసమే. జనవరి 29న ఢీకొనుటకు దాదాపు 20 సెకనుల ముందు హెచ్చరిక మాత్రము వినబడినది, ఆజ్ఞ రాలేదు. విమానాశ్రయమునొద్ద దారులు అత్యంత ఇరుకుగా ఉండు చోటనే యంత్రము మౌనము వహించునని పటకర్తలకు తెలిసియుండవలెను.

ఇన్ని లోపములు ఒక్క రాత్రిలో పుట్టినవి కావు. మండలివారు తేల్చిన లెక్కలు ఇందుకు సాక్ష్యము. 2021 అక్టోబరు మొదలు 2024 డిసెంబరు వరకు రీగన్ విమానాశ్రయమున 9,44,179 వాణిజ్య విమానముల రాకపోకలు జరిగినవి. ఆ కాలమున విమానమును హెలికాప్టరును అడ్డముగా ఒక నాటికల్ మైలుకంటెను, నిలువుగా 400 అడుగులకంటెను దగ్గరకు వచ్చిన సందర్భములు 15,214. అడ్డముగా 1500, నిలువుగా 200 అడుగులకంటె దగ్గరకు వచ్చినవి 85.

ఈ సంఖ్యలను చదువుటయందు రెండు వైపులా పొరపాటు జరిగినది. 15,214 అను సంఖ్యను పట్టుకొని అన్ని ప్రమాదములు తప్పినవని చాటినవారు కొందరు. అది సరికాదు. కంటితో చూచుకొనుచు చట్టప్రకారము పోయిన ప్రయాణములు కూడ అందు చేరియున్నవి. నిజమునకు పటము చెప్పినట్లు 200 అడుగుల ఎత్తున పోయిన హెలికాప్టరుపై 75 అడుగుల ఎత్తున విమానము దాటినచో అది 15,214లోను చేరును, 85లోను చేరును. అనగా ఆ పట్టిక పైలట్ల తప్పులను లెక్కించుటకంటె పటము చేసిన తప్పును ఎక్కువగా లెక్కించుచున్నది. మండలివారి పత్రములపై చెప్పదగిన ఆక్షేపణ కూడ ఇచటనే ఉన్నది. నియమమునకు లోబడి దగ్గరైనవెన్ని, నియమము మీరి దగ్గరైనవెన్ని యని ఆ మొత్తములను విడదీసి ముందు నిలిపినచో వారి వాదమునకే బలము చేకూరియుండెడిది.

రెండవ వైపు పొరపాటు దీనికంటె బరువైనది. 39 నెలలలో 85 సందర్భములనగా నెలకు రెండునకు పైగా. అంతేకాక 2011 మొదలు 2024 వరకు గల సమాచారమున, హెలికాప్టరు దగ్గరగుటచే విమానములలో టీకాస్ ఆజ్ఞ మ్రోగుట నెలకు ఒకసారియైనను జరిగినట్లు తేలినది. వానిలో సగమునకు పైగా హెలికాప్టరు తన పైహద్దును మించియుండవచ్చునని, మూడింట రెండు వంతులు రాత్రివేళ జరిగినవని మండలివారు చెప్పుచున్నారు. సగము మంది దాటు హద్దు హద్దుగా పనిచేయుట లేదని గ్రహించుటకు పెద్ద గణితము అక్కరలేదు. దుర్ఘటనకు ముందటి రాత్రియే ఒక ప్రయాణికుల విమానము హెలికాప్టరు కారణమున దిగుట మాని మరల పైకి లేచినది. సమాచారమంతయు యంత్రములలో ఉన్నది. ప్రశ్న అడిగినవారు మాత్రము లేరు. విద్యార్థి ప్రయోగపుస్తకమున అంకెలు నింపి గ్రాఫు గీయకుండ మూసినచో ఉపాధ్యాయుడు మార్కులు వేయడు. విమానయాన శాఖ విషయమున అట్టి ఉపాధ్యాయుడు లేకపోయెను.

భారతీయ పాఠకులకు ఇది కొత్త పాఠము కాదు. 1996 నవంబరు 12న ఢిల్లీకి పడమట చర్ఖీ దాద్రీ వద్ద సౌదీ విమానమును కజక్ విమానమును ఢీకొని 349 మంది మరణించిరి. ఢిల్లీలో దిగువారికిని, ఎక్కువారికిని నాడు ఒకే ఆకాశమార్గము. పైనుండి వచ్చువాడు 15,000 అడుగులవద్ద, క్రిందినుండి ఎక్కువాడు 14,000 అడుగులవద్ద ఆగవలెనన్న మాటయే ఎడము. అప్పటి ఢిల్లీ రాడారు విమానమున్న చోటును చూపునేగాని ఎత్తును చూపదు. కజక్ విమానము దిగరాని ఎత్తునకు దిగినది. దానిని పట్టుకొను రెండవ అడ్డు లేదు. 1000 అడుగుల ఎడముండియు అది చాలలేదు. దరిమిలా మన దేశమున విమానములకు టీకాస్ తప్పనిసరి చేయబడినది. రాకపోకల మార్గములు వేరుచేయబడినవి. రెండవదియే అసలు చికిత్స. ఎత్తు ఒక్కదానిపై ఆధారపడిన ఎడమునకు అడ్డపు ఎడము తోడుకావలెను.

వాషింగ్టనులో కూడ అట్టి చికిత్స జరిగినది. 33వ రన్‌వే, దానికి మారుపేరైన 15వ రన్‌వే వాడుకలో ఉన్నపుడు 4వ మార్గపు ఆ భాగమున హెలికాప్టర్లను నిషేధింపవలెనని మండలివారు సిఫారసు చేయగా, శాఖవారు ఆ మార్గమును మూసివేసిరి. ఒక గీత చెరిపివేయబడినది. మంచి పనియే, కాని చాలదు. మార్చి 28న డెల్టా విమానము చెంతకు వచ్చినవి ఆ గీతపై పోయినవి కావు. మే 1వ తేదీన పెంటగాన్ సైనిక కార్యాలయమున దిగవలసిన బ్లాక్ హాక్ హెలికాప్టరు కారణమున రెండు ప్రయాణికుల విమానములు దిగుట మానుకొని మరల పైకి లేవవలసి వచ్చినది. అదియు ఆ గీతకు సంబంధించినది కాదు.

మే 1 నాటి ఘటన తరువాత ఇంకొక సంగతి బయటపడినది. పెంటగాన్‌కును రీగన్ విమానాశ్రయపు టవరునకును నేరుగా మాటలాడుకొనుటకు ఒక ప్రత్యేక టెలిఫోను లైను కలదు. అది 2022 మార్చినుండి పనిచేయుట లేదని, ఆ విషయము ఈ ఘటన తరువాతనే తమకు తెలిసినదని విమానయాన శాఖ అధికారి సెనేటు విచారణలో చెప్పెను.